నాలుగో వెర్షన్

"ఆమె తిరిగి రాదు. రాదంటే రాదు! ఆ ఒక్క ముక్క మీదే సినిమా మొత్తం నిలబడింది," అంటూ బల్ల మీద చరిచాడు రేడియో. టీ గ్లాసులు ఒక్కసారి ఎగిరి కూర్చున్నాయి.

లెక్కల మాస్టారి మేడ మీద గదిలో ప్రతి ఆదివారం సాయంత్రం జరిగే గొడవే ఇది. 'ఏడో చంద్రుడు' అనే పాత సైన్స్ ఫిక్షన్ సినిమా పిచ్చోళ్లంతా అక్కడ చేరతారు. ఒకప్పుడు గది చాలక మెట్ల మీద కూడా కూర్చునేవాళ్లు. ఇప్పుడు జుట్టు పలచబడ్డవాళ్లు కొందరు, సినిమాని అరచేతిలో ఫోన్లో చూసేసి అంతా తెలిసినట్టు మాట్లాడే కుర్రాళ్లు కొందరు.

రేడియో అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. రేడియోలు బాగుచేసేవాడు, మొదలుపెడితే నోరు కట్టేయడం తెలియనివాడు. రెండు విధాలా ఆ పేరు అతుక్కుపోయింది. ఇప్పుడు రేడియోలు లేవు. మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేస్తూ, తెచ్చిన ప్రతివాడి మీదా విసుక్కుంటూ బతుకుతున్నాడు.

ఆ రోజు చర్చ వెర్షన్ల మీద. మాస్టారు సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గర నిలబడ్డారు.

"ఒకటి, హాళ్లలో ఆడింది. పైలట్ చంద్రుడి మీద దిగి వెనక్కి చూస్తాడు. నౌక కిటికీలో దీపం వెలుగుతూ ఉంటుంది. రెండు, టీవీ వాళ్లది. అదే సీను, కానీ పైలట్ మనసులో మాటలు వెనకనుంచి వినిపిస్తాయి. మూడు, డైరెక్టర్ ముసలితనంలో మళ్లీ కోసి అతికించింది. అందులో ఆ దీపం ఆరిపోతుంది."

"దీపం ఆర్పిన ఆ చెయ్యి విరగ్గొట్టాలి," అన్నాడు రేడియో.

"అదేంటంకుల్! పైలట్‌తో నౌకలో వెళ్లినామె బయట తాడు తెగి కొట్టుకుపోయింది కదా. నౌకలో ఎవరూ లేరు. ఇంకెవరు వెలిగిస్తారు?" అన్నాడో కుర్రాడు.

"ఆర్పడానికి మాత్రం ఎవరున్నార్రా?"

గది గొల్లుమంది. ఆ నవ్వుల వెనక, తలుపు దగ్గర్నుంచి ఒక గొంతు వచ్చింది.

"నాలుగోది కూడా ఉంది."

అందరూ వెనక్కి తిరిగారు, రేడియో తప్ప. అతనికి తిరగాల్సిన పని లేకపోయింది. కొన్ని గొంతులు వింటే చాలు, మెడ దానంతటదే బిగుసుకుపోతుంది.

"అందులో ఆమె తిరిగొస్తుంది. తాడు తెగి పోయాక, తలుపు తీసుకుని, హెల్మెట్ చంకలో పెట్టుకుని వస్తుంది. 'భయపడ్డావా?' అని నవ్వుతుంది."

"ఆ సీను ముందు వస్తుంది కదమ్మా," అన్నారు మాస్టారు, బుజ్జగిస్తున్నట్టు. "మొదటిసారి బయటికెళ్లి క్షేమంగా వచ్చినప్పుడు. రెండోసారి వెళ్లినప్పుడు కదా తాడు తెగేది."

"నేను చూసింది చెప్పాను మాస్టారూ. పాత హాల్లో చూశాను." ఆ గొంతు ఈసారి ఇటు తిరిగింది. "మీరింకా బల్లలు చరుస్తూనే ఉన్నారా?"

'మీరు' అంది. ఒకప్పుడు చనువుగా 'ఒరేయ్' దాకా పోయిన నోరది. రేడియో అప్పుడు తిరిగాడు. కణతల దగ్గర తెల్లబడ్డ జుట్టు, ముక్కు మీద సన్నటి కళ్లజోడు, ఆ కళ్లజోడు పైనుంచి చూసే అదే చూపు. కళ్లద్దాల కొట్టు అమ్మాయి!

"అరచెయ్యి నాది, బల్ల మాస్టారిది. మధ్యలో మీకేం నొప్పి?" అన్నాడు.

ఆమె మాస్టారితోనే చెప్పింది. "కొట్టు అన్నయ్య అమ్మేస్తున్నాడండీ. సరుకు సర్ది తాళాలు అప్పగించడానికి వచ్చాను. వచ్చే సోమవారం పొద్దున్నే వెళ్లిపోతాను."

అలా అని, వచ్చినంత నెమ్మదిగానూ మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఇరవై ఏళ్ల పైమాట. అది కూడా వానాకాలమే. ఒక రేడియోకి స్టేషన్ ముల్లు ఊడిపోతే, దాన్ని బిగించేంత సన్నటి స్క్రూ ఎక్కడా దొరక్క కళ్లద్దాల కొట్లోకి తడుస్తూ దూరాడు. కౌంటర్ వెనక ఒక అమ్మాయి, చేతిలో లావుపాటి ఫ్రేము పట్టుకుని దానికి చెవి మీదికి వచ్చే పుల్ల బిగిస్తోంది.

"ఒక్క స్క్రూ ఇవ్వండి."

"ఏ కళ్లజోడుకి?"

"రేడియోకి."

"ఇక్కడ కళ్లజోళ్లకే ఇస్తాం."

"రేడియోకీ చూపు కావాలండీ. ముల్లు లేకపోతే స్టేషన్ ఎలా కనిపెడుతుంది పాపం?"

"అయితే తీసుకురండి, కూర్చోబెట్టి అక్షరాలు చదివిస్తాను. పైవరస చదివితే స్క్రూ ఇస్తాను."

నవ్వేసి ఊరుకుంటే సరిపోయేది. ఊరుకుంటే అతను రేడియో ఎందుకవుతాడు? స్క్రూల దగ్గర మొదలుపెట్టి అంతరిక్షం దాకా వెళ్లాడు. ఆ రోజే పాత హాల్లో పడబోతున్న 'ఏడో చంద్రుడు' గురించీ, వంతెన అవతల పెద్ద హాల్లో సౌండు బాగుంటుంది కాబట్టి తను అక్కడే చూస్తాననీ చెప్పుకుపోయాడు. "పాత హాలుకేం తక్కువ? అక్కడ ఆపరేటర్ మా మామయ్య!" అని ఆమె చేతిలో పని వదిలేసి మీదికి వచ్చింది. బయట వాన. లోపల వాదన. గోడ గడియారం ఒకసారి గంట కొట్టింది. ఆమె "అయ్యో!" అని ఆ లావుపాటి ఫ్రేము వైపు చూసి నాలిక కరుచుకుంది. స్క్రూ ఇవ్వనే లేదు.

ఆ తర్వాత మాస్టారి గదికి ఇద్దరూ వచ్చేవారు. చెరో మూల కూర్చునేవారు, తర్వాత పక్కపక్కన. అతను మాట్లాడుతుంటే ఆమె కళ్లజోడు తుడుచుకునేది. ఆమె మాట్లాడుతుంటే అతను, ఎంత వింతంటే, మాట్లాడేవాడు కాదు. ఇద్దరిళ్లలోనూ విషయం సగం తెలిసి, సగం ఒప్పుకుని ఉన్నారు.

ఒక్క ఆ సీను దగ్గరే పేచీ. ఆమె తిరిగొస్తుందని ఆ అమ్మాయి. రాదని ఇతను. గదిలో ఉన్నవాళ్లంతా పెద్ద హాల్లో చూసినవాళ్లే. పాత హాల్లో చూసిన మార్కెట్ కూలీలకీ లారీల వాళ్లకీ మాస్టారి మేడతో పనేముంది?

"నా కళ్లతో చూశాను. మా మామయ్య ఆడించాడు," అందామె ఒక ఆదివారం.

"మీ మామయ్యకి కళ్లు కనపడవు, నీకు నిజం కనపడదు. ఎందుకొచ్చిన అబద్ధాలు?" అన్నాడు రేడియో. అందరూ పడీ పడీ నవ్వారు. నవ్వించానని అతను మురిసిపోయాడు కూడా.

ఆమె నవ్వలేదు. లేచి వెళ్లింది. కొన్నాళ్లకి దూరాన ఎక్కడో లెన్సుల ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికిందనీ వెళ్లిపోయిందనీ తెలిసింది. పాత హాలు మూతపడింది. ఇప్పుడక్కడ పరుపులు అమ్ముతున్నారు. రేడియోకి సంబంధాలు వచ్చాయి. చూడ్డానికి వచ్చినవాళ్లతోనూ అతను సినిమా గురించే తగువు పెట్టుకున్నాడు. సంబంధాలు పోయాయి.

*

"వచ్చే ఆదివారం అసలైన రీళ్లతో వేద్దాం," అని మాస్టారు తీర్మానించారు. "పాత హాలు ఆపరేటర్ అటక మీద ప్రింటు ఉందట, మెషినూ ఉందట. హాలు మూసేసినప్పుడు వాటి కోసం ఎవరూ రాలేదట. సౌండు బాక్సు నువ్వు చూడవయ్యా రేడియో."

అలా ఆపరేటర్ ఇంటికి వెళ్లాడు. ముసలాయన అటక మీంచి రేకు డబ్బాలు ఒక్కొక్కటే అందిస్తుంటే కింద పెట్టాడు. తుప్పు, ఫిల్ము, పాత నూనె కలిసిన వాసన. ఆ వాసనకి రేడియో ఒక్క క్షణం ఇరవై ఏళ్లవాడైపోయాడు.

"ఇవి రెండూ ఎందుకు తాడేసి కట్టారు?" అన్నాడు, ఎనిమిదీ తొమ్మిదీ అంకెలున్న డబ్బాలు చూసి.

ఆపరేటర్ నవ్వాడు. పళ్లు సగమే ఉన్నాయి గానీ నవ్వు పూర్తిగానే ఉంది. "అదో కథలే అబ్బాయ్. హాలు ఓనర్ ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఆయనా పోయాడు, హాలూ పోయింది. మొదటి రోజు మ్యాట్నీకి నా కళ్లజోడు లేదు. పుల్ల ఊడితే మా మేనకోడలి కొట్లో ఇచ్చాను. ఆట మొదలయ్యేలోగా తెస్తానంది. రాలేదు. అంకెలు మసగ్గా కనపడుతున్నాయి. ఎనిమిది వెయ్యాల్సిన చోట తొమ్మిది వేశాను, దాని తర్వాత ఎనిమిది."

రేడియో చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

"అంటే... ముందు తాడు తెగింది. తర్వాత ఆమె తలుపు తీసుకుని వచ్చింది?"

"వచ్చింది! హాలు లేచి నిలబడింది అబ్బాయ్! ఈలలు, చప్పట్లు. నేను కేబిన్లో వణికిపోతున్నా. ఓనర్ పరిగెత్తుకొచ్చి, 'ఇకనుంచి ఇలాగే వెయ్యి' అన్నాడు. ఆడినన్నాళ్లూ అలాగే వేశాను. మార్కెట్ వాళ్లంతా అదే సినిమా అనుకున్నారు. మా పిల్ల కూడా."

"ఆమెకి చెప్పలేదా?"

"అడిగితే కదా చెప్పేది. మన హాల్లో సినిమా ఎంత బాగుందో అని మురిసిపోతుంటే పొరపాటని చెప్పడానికి నోరు రాలేదు. అయినా పిల్లదేం తప్పులే. ఎవడో స్క్రూ కావాలని వచ్చి కౌంటర్ పట్టుకుని వేలాడాడట. వాడి నోటికి తాళం లేదట. అందుకే రాలేకపోయానని ఏడ్చినంత పని చేసింది."

రేడియో స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాడు. ఆపరేటర్‌కి అనుమానం వచ్చి ముఖంలోకి చూశాడు.

"ఏం అబ్బాయ్, కరెంటు కొట్టిందా?"

"కొట్టింది మామయ్యా," అన్నాడు రేడియో. ఆ వరస ఎక్కణ్ణుంచి ఊడిపడిందో అతనికే తెలియలేదు. "ఆదివారం మీరు పాత హాల్లో వేసినట్టే వెయ్యాలి."

"నన్ను తంతారయ్యా!"

"నన్ను తన్నమనండి."

*

ఆదివారం వాన పడుతూనే ఉంది. మాస్టారి గదిలో గోడకి తెల్లటి దుప్పటి కట్టారు. ఆమె వచ్చింది. మామయ్య మెషిన్ తిప్పుతున్నాడని వచ్చింది. అందరికీ వెనగ్గా, తలుపు పక్కన కూర్చుంది. రేడియో సౌండు బాక్సు దగ్గర, ఆమెకి వీపు పెట్టి.

ఏడో రీలు అయింది. తొమ్మిదోది ఎక్కింది. తాడు తెగింది. పసుపు రంగు సూటు వేసుకున్న ఆమె చుక్కంతై చీకట్లో కలిసిపోయింది. ఎవరో ముక్కు చీదారు. కుర్రాడొకడు గుసగుసలాడాడు: "ఏదో ముక్క ఎగిరిపోయినట్టుంది."

దుప్పటి ఒక్కసారి తెల్లగా వెలిగి మళ్లీ బొమ్మ పడింది. నౌక తలుపు తెరుచుకుంది. హెల్మెట్ చంకలో పెట్టుకుని ఆమె లోపలికి వచ్చింది.

"భయపడ్డావా?"

గది భగ్గుమంది. "రీలు మారిపోయింది!" "ఆపండి!" మాస్టారు కుర్చీలోంచి లేచి, "ఏమయ్యా ఆపరేటరూ, కళ్లజోడు లేదా నీకు?" అని కేకేశారు.

"ఈసారి పెట్టుకునే వేశానండీ!" అన్నాడాయన మెషిన్ వెనకనుంచి.

రేడియో లేచాడు. వెలుతురుకి అడ్డంగా నిలబడటంతో అతని నీడ దుప్పటి మీద, సరిగ్గా ఆ నౌక తలుపు పక్కన పడింది.

"తప్పు పడలేదు మాస్టారూ. పాత హాల్లో ఇలాగే పడింది. నాలుగో వెర్షన్ ఉంది. ఈ గదిలోనే, మీ అందరి ముందే నేను ఒక మనిషిని అబద్ధాలకోరు అన్నాను. ఆ మనిషి చెప్పిందే నిజం." అతని గొంతు గరగరలాడింది, స్టేషన్ సరిగా పట్టని రేడియోలా. "చివరిదాకా చూడండి. తర్వాత తిట్టుకోండి."

ఆఖరి రీలు. పైలట్ చంద్రుడి మీద దిగాడు. వెనక్కి చూశాడు. నౌక కిటికీలో దీపం.

ఎవరూ కదల్లేదు. అదే సీను, అదే దీపం. ఇన్నేళ్లూ ఆ వెలుతురు చూసి ఏడ్చినవాళ్లే అందరూ. ఇప్పుడు ఆ కిటికీ వెనక మనిషి ఉంది.

"ఓరి నీ..." అన్నారు మాస్టారు మెల్లగా. "ఇదీ బాగానే ఉందిరా."

లైట్లు వెలిగాయి. రేడియో ధైర్యం చేసి వెనక్కి తిరిగాడు. తలుపు పక్కన కుర్చీ ఖాళీగా ఉంది.

*

సోమవారం పొద్దున రేడియో తన కొట్టు తెరవలేదు. రైలు కూత వినపడింది. అది ఏ రైలో అడగడానికి మనసొప్పలేదు. వాన కాస్త తగ్గాక కాళ్లు వాటంతటవే కళ్లద్దాల కొట్టు వైపు నడిచాయి. ఖాళీ కొట్టు చూసుకుని, తనను తాను నాలుగు తిట్టుకుని వెనక్కి వచ్చెయ్యాలనే వెళ్లాడు.

షట్టర్ సగం దించి ఉంది. లోపల చీకటి. అక్షరాల చార్టు గోడకి తిరగేసి ఆనించి ఉంది. గడప దగ్గర సామాన్ల పెట్టె, దానికి తాడు. అతను గొడుగు మూశాడు. ఎందుకు మూశాడో తెలియదు. తడుస్తూ నిలబడ్డాడు.

అద్దం వెనక దీపం వెలిగింది.

షట్టర్ గరగరా పైకి లేచింది. ఆమె చంకలో పాత స్క్రూల డబ్బా పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. కళ్లజోడు పైనుంచి అతన్ని కిందికీ మీదికీ చూసింది.

"రాత్రంతా మామయ్య చెప్పిన కథే. కౌంటర్ పట్టుకుని వేలాడినవాడెవడో ఆయనకి ఇప్పుడు తెలిసింది," అంది. "కొట్టు అమ్మొద్దని అన్నయ్యకి చెప్పాను. నేను చూసుకుంటానన్నాను." డబ్బాలోంచి ఆవగింజంత స్క్రూ తీసి, తడిసిన అతని అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

అతని నోట మాట రాలేదు. వాడి నోటికి తాళం లేదన్న మనిషే ఆ తాళం వేసినట్టుంది.

ఆమె నవ్వింది.

"భయపడ్డావా?"

"చాలా," అన్నాడు రేడియో.