కుడిపక్కకు పడిన రోజు

ఒత్తులూ దీర్ఘాలూ తప్పుంటే మన్నించండి. యాభై ఎనిమిదో ఏట బలపం పట్టినదాన్ని. ఈ కాస్త రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది.

కర్నూలు రాజధానిగా ఉండి, డేరాల్లో ఆఫీసులు నడిచిన రోజులవి. మాది కోసిగి. నాకు పదిహేడేళ్లు. జ్వరం తగ్గి లేచి నిలబడితే ఇల్లు గిర్రున తిరిగేది. ఎడమపక్కకు పడిపోయేదాన్ని. పైగా తలనొప్పి.

"పనికి పోకుండా నాటకాలాడతాంది" అంది మా వదిన.

నాయన ఒక్కడే నమ్మి, కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయాడు.

పాదాలు రెండూ దగ్గరపెట్టి కళ్లు మూసుకోమన్నాడు డాక్టరు. నా వెనక ఆసుపత్రి పనివాడొకడు నిలబడ్డాడు. పేరు హనుమన్న, వేంపల్లె అతను. పడేవాళ్లను పట్టుకోవడం అతని పని.

"పడితే?" అన్నాను.

"పడు. నేనుండేది దానికే గదా."

"నువ్వు పక్కచూపులు చూస్తాంటే?"

"నీ జడ తప్ప ఏం కనపడల్యా నాకు. మూయి కండ్లు."

ఎడమకు ఒరిగాను. పట్టుకున్నాడు.

తర్వాత చెవుల్లో చన్నీళ్లు పోశారు. కుడిచెవిలో పోయగానే గదంతా తిరిగింది, నా కళ్లు వాటంతటవే కదిలాయట. ఎడమచెవిలో పోస్తే ఏమీ కాలేదు.

"ఎడమచెవి లోపల దెబ్బతినింది. నాటకం కాదు" అన్నాడు డాక్టరు.

నాకు ఏడుపొచ్చింది. "తలనొప్పికి కూడా పరీక్ష చేయండి సార్."

"నొప్పిని చూపే యంత్రం లేదమ్మా. నువ్వు నొప్పంటే నొప్పే. పడతానన్న భయం దాన్ని పెంచుతోంది."

మూడు వారాలు అక్కడే ఉంచారు. రోజూ వరండాలో హనుమన్న సుద్దముక్కతో గీత గీస్తే, దానిమీద అడుగులో అడుగు వేసి నడవాలి.

"గీత వంకర పోయిందప్పా."

"గీత సక్కగానే ఉండాది. నీ చూపే వంకర."

అతను పనిలో ఉన్న రోజు తలనొప్పి తగ్గేది. సెలవు పెడితే తిరిగొచ్చేది. కల్పించుకున్నది కాదు, నిజంగానే నొప్పి.

చివరి పరీక్ష రోజు నాయన మూట సర్దుకుని వచ్చాడు. "నయమైతే ఈరోజే ఊరికి" అన్నాడు డాక్టరు. హనుమన్న ఆరోజు నాకు కుడిపక్కన నిలబడ్డాడు. కళ్లు మూసుకున్నాను. నేల కదల్లేదు. నా కాళ్లు గట్టిగానే ఉన్నాయి.

అయినా పడ్డాను.

పట్టుకుని మెల్లగా అన్నాడు: "ఏమ్మే, చెడింది ఎడమచెవి గదా. కుడికెట్ల పడితివి?"

డాక్టరు కూడా చూశాడు. "నిజం చెప్పమ్మా."

వదిన మాటను నేనే నిజం చేశాను. నమ్మినవాడు నాయన ఒక్కడే. ఆయన నన్నే చూస్తున్నాడు.

"ముందరివన్నీ నిజమే నాయనా. ఈ ఒక్కటే అబద్ధం. నయమైందంటే ఊరికి తీసకపోతావని..."

నాయన హనుమన్నను ఎగాదిగా చూశాడు.

"ఏమప్పా, మీ ఇంట్లో పెద్దోళ్లు ఎవరుండారు?"

"మాయమ్మ ఉండాది మామా."

"అప్పుడే మామా అంటాండావే!"

డాక్టరు నవ్వు దాచుకోవడానికి నా పరీక్ష రాసిన కాగితం అడ్డం పెట్టుకున్నాడు.

ఆ కాగితాన్ని మా ఆయన హనుమన్న తర్వాత అడిగి తెచ్చుకుని, పెట్టె అడుగున దాచాడు. "ఏం రాసుండాది?" అంటే, "చదువు నేర్చుకో, తెలుస్తాది" అనేవాడు. ఆయన పోయిన రెండేళ్లకు నేర్చుకున్నాను. డాక్టరు ఇంగ్లీషు కింద, పెన్సిలుతో, మా ఆయన రాసిన తెలుగు:

"కుడికి పడింది. పట్టుకున్నాను."

హంపమ్మ, డెబ్బై ఎనిమిదేళ్లు, ఇప్పుడు వేంపల్లెలో ఉంటున్నాను.