గాలిమోటరు బయల్లో లాంతరు

మా ఊరికి దక్షిణాన గాలిమోటరు, అంటే విమానం, దిగే బయలుంది. పొద్దు గూకితే ఆ దిక్కు మనిషన్నవాడు పోడు. మా ఊరి మగవాళ్లు పిరికివాళ్లని కాదు... వాళ్ల ధైర్యం పొద్దున లేస్తుంది, దీపాల వేళకు పడుకుంటుంది. అంతే.

నిజాం రాజ్యం, జర్మనోడి లడాయి నడుస్తున్న రోజులు. జడ్చర్లకు అవతల, చేన్ల నడుమ సర్కారువాళ్లు చదునైన జాగా తీసుకొని చుట్టూ సున్నం కొట్టిన రాళ్లు పెట్టించారు. పైనుంచి వచ్చేవాడికి ఆ తెల్లరాళ్లే హద్దు. లోపల గట్టి నేల, బయట దుక్కి.

ఆ రాళ్లు పెట్టినవాడు భీమయ్య, మొదటి కావలివాడు. మోటరు వస్తుందంటే ముందు రాత్రి లాంతరు పట్టుకొని బయలంతా తిరిగేవాడు — ఎక్కడైనా బొరియ ఉందా, ఎవరిదైనా బర్రె పడుకుందా అని. అట్లా తిరుగుతూనే ఒక రాత్రి పాము కరిచి పడిపోయాడు. తెల్లారి జనం పోయేసరికి మనిషి చల్లబడి ఉన్నాడు... పక్కన లాంతరు మాత్రం వెలుగుతూనే ఉందట.

అప్పటినుంచి ఆ లాంతరు తిరుగుతుంది. రాయి దగ్గర ఆగుతుంది... మళ్లీ నడుస్తుంది.

అదొక్కటే అయితే సరే. రాళ్లు జరుగుతాయి. రాత్రి ఒకచోట ఉన్న రాయి పొద్దున ఇంకోచోట ఉంటుంది. ఎప్పుడూ లోపలికే.

భీమయ్య తరువాత ఆ కొలువుకు మైసయ్య కుదిరాడు. ధైర్యం ఉండి కాదు, ఇంట్లో జొన్నలు లేక. కిందటిసారి మోటరు దిగినప్పుడు చక్రం దుక్కిలోకి జారి, మోటరు పక్కకు ఒరిగి, ఎవరి పుణ్యమో ఆగింది. ఆ సంగతి విని హైదరాబాదు నుంచి సాహేబు వచ్చాడు. దిగినవాళ్ల కోసం తడకల పందిట్లో వేయించిన కుర్సీ చూశాడు. దాని మీద అప్పటిదాకా మా శిస్తు వసూలు చేసే మాలీపటేలు మధ్యాహ్నం నిద్ర తప్ప ఏదీ దిగలేదు. నీళ్ల కుండ చూశాడు. చివరికి రాళ్లు చూశాడు.

“కుర్సీ లేకుంటే దిగినోళ్లు నిలబడ్తరు,” అన్నాడు మైసయ్యతో. “హద్దు సక్కగ లేకుంటే నిలబడెతందుకు ఎవ్వరు మిగలరు. రేపు పొద్దుగాల మోటరొస్తది, నలుగురుంటరు. వాళ్లకేమన్నయితే నిన్ను జైల్ల ఏస్త.”

రాత్రి మైసయ్య బయలుదేరుతుంటే భార్య సోమమ్మ వేపమండ మొలకు దోపింది.

“దయ్యం జరిపిన రాళ్లకు నిన్ను జైల్ల ఏసుడేంది?”

“దయ్యాన్ని ఏసెతందుకు జైలు లేదు గదనే.”

పందిరి వెనక నక్కి కూర్చున్నాడు. చంద్రుడు లేడు. గాలి ఆగింది... కీచురాళ్లు కూడా ఆగాయి.

అప్పుడు కనిపించింది — తెల్లగా, తల లేకుండా. వంగింది. రాయిని పొట్టకు హత్తుకొని లేచింది. అవతలి దిక్కున ఇంకొకటి... ఆ మూలన మరొకటి...

మైసయ్య మొలలోని వేపమండను గట్టిగా పట్టుకున్నాడు.

మొదటి దయ్యం పందిరి దగ్గరికే వచ్చింది. ఆగింది. దగ్గింది. తల మీది దుప్పటి తీసి, బీడీ ముట్టించింది.

“జంగయ్య పటేలా...?”

దయ్యం రాయిని తన కాలి మీదే పడేసుకుంది. ఆ కేకకు మిగతా రెండు దయ్యాలూ ఉరికొచ్చాయి.

సంగతి ఇంతే. చేను పక్కనున్న రాయిని రాత్రికింత లోపలికి జరిపి, ఆ మేర దున్నుకుంటున్నాడు జంగయ్య. తానొక్కడే అనుకున్నాడు. అవతల బాలయ్యా తానొక్కడే అనుకున్నాడు, పోచయ్యా అంతే. చీకట్లో ఒకరినొకరు చూసి జడుసుకొని, పొద్దున కల్లు దుకాణం దగ్గర ఒకరికొకరు దయ్యం ఎత్తూ లావూ వర్ణించుకున్నారు. ముగ్గురూ నిజమే చెప్పారు పాపం.

“సాహేబుకు జెప్పకు మైసన్నా,” అన్నాడు జంగయ్య కాలు పట్టుకొని. ఆ రాత్రిదాకా అతనికి మైసయ్య మైసిగాడే.

“ఎక్కడియి అక్కడ పెట్టుండ్రి పటేలా. తెల్లారితే నలుగురి పానాలు.”

“పెడ్తం. గని... ఎక్కడియి ఎక్కడ?”

ఎవరికీ గుర్తులేదు.

అప్పుడు వాడ దిక్కునుంచి లాంతరు కదిలింది.

జరిపేవాళ్లందరూ ఇక్కడే ఉన్నారు. మరి అదేంది? బాలయ్య పోచయ్య వెనక్కి పోయాడు. పోచయ్య బాలయ్య వెనక్కి పోయాడు. లాంతరు వచ్చింది... వచ్చింది... ముందర ఆగింది.

భీమయ్య పెండ్లాం నర్సింగమ్మ.

“అక్కా... నువ్వా?”

“నేనే. మోటరొచ్చే ముందల ఎవలన్న ఒకలు జూడాలె గద. జూసేటాయన లేకపాయె.” పటేండ్ల దిక్కు దీపం ఎత్తింది. “రాళ్లు లోపల్కి వస్తాంటే జూస్తనే ఉన్న. మిమ్ముల అడిగేదాన్నా నేను?”

ముగ్గురూ తలలు దించారు. మా ఊళ్లో అది అరుదు.

మొగునితో కలిసి ఆ రాళ్లకు సున్నం కొట్టిన మనిషి ఆమె. లాంతరు పట్టుకొని జాగా చూపిస్తుంటే వాళ్లు మోశారు, దున్నిన మేర కాళ్లతో తొక్కి గట్టి చేశారు. చివరికి ఒక్క రాయి మిగిలింది, జంగయ్య చేను మూలది.

నర్సింగమ్మ ఆగిపోయింది.

“గీ మూల నాకు తెల్వది. ఆడికి మా ఇంటాయన నన్ను రానియ్యకపోతుండె.”

“ఎందుకక్కా?”

“చెప్పలే.”

“ఇంక అవతల్నే పెడ్త,” అన్నాడు జంగయ్య. భయం పట్టాక అతనంత దాత లేడు. “నా చేన్లకే పోనియ్యి.” రాయి ఎత్తుకొని కుంటుకుంటూ దుక్కిలోకి నడిచాడు.

నడిచినవాడు ఆగాడు.

అతని ఎడమకు, బయలు దిక్కు బాగా లోపలికి... ఇంకో లాంతరు ఉంది.

ఊగడం లేదు. నేలకు మోకాలెత్తున, ఎవరో పట్టుకొని ఎదురుచూస్తున్నట్టు... అట్లా ఉంది.

ఊళ్లో వేరెవరైనా వచ్చి ఉండొచ్చు కదా అని నేను ఇప్పుడు వాదిస్తాను. అక్కడ ఎవరూ వాదించలేదు.

నర్సింగమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. చిన్నగా అన్నది — “ఆడ పెట్టుండ్రి.”

పెట్టారు. తల ఎత్తేసరికి... ఏమీ లేదు. కాలిన వత్తి వాసన మాత్రం.

పొద్దున మోటరు వచ్చింది. హద్దు వెంట దుమ్ము లేపుకుంటూ ఉరికి, ఆ మూల రాయికి లోపలే తిరిగి ఆగింది. నలుగురూ దిగారు. ఒకాయన కుర్సీలో కూర్చున్నాడు, మైసయ్య నీళ్లు ముంచి ఇచ్చాడు.

అప్పుడు నేల ఉరిమింది.

మూల రాయికి అవతల, జంగయ్య రాత్రి నిలబడ్డ చోట, భూమి లోపలికి జారిపోయింది. ఏ తాతల కాలంలోనో చెత్త పోసి మూసిన బావి. మోటరు మోటరే పట్టేంత నోరు తెరిచింది.

మోటరు కోసం వచ్చి ఉన్న సాహేబు రాయి దాకా నడిచి, లోపలికి తొంగి చూశాడు.

“గా రాయి ఆడ పెట్టుమని ఎవరు జెప్పిండ్రు?”

మైసయ్య నర్సింగమ్మ దిక్కు చూశాడు.

“మా ఇంటాయన, దొరా,” అన్నది ఆమె.

“పిలువుండ్రి. ఇనాం ఇస్త.”

జంగయ్య తన కాలి కట్టు చూసుకుంటున్నాడు.

“ఇప్పుడు రాడు దొరా,” అన్నది నర్సింగమ్మ. “జర చీకటి పడనియ్యుండ్రి.”