ఖాళీ కుర్చీకి ప్రశ్నలు

"ఇవాళ సాయంత్రం ఆరింటికి ఒక ఇంజనీరు పని అయిపోతుంది. రక్తం చుక్క కూడా కారదు," అన్నాడు చీఫ్. "ఇది మన చేతికి చిక్కిన విదేశీ ముఠా మెసేజ్. ఎలా చేస్తారో మనకి తెలీదు."

ఏజెంట్ ఫోర్టీన్ ఫైలు తెరిచింది. దేశపు రహస్య సందేశాలకి తాళంలాంటి సైఫర్ యంత్రాన్ని తయారు చేసినాయన ఫొటో. రేపు పొద్దున ఆయన సైఫర్ విభాగానికి డైరెక్టరు కాబోతున్నాడు.

"ఆయన ఇంట్లోనే టీవీ ఇంటర్వ్యూ. ఆరింటికి ప్రసారం. యాంకర్ ఆ ముఠా మనిషని అనుమానం, రుజువు లేదు. ఆమె కోసం ముఠా పంపిన కెమెరామన్‌ని పొద్దున్నే పట్టుకున్నాం. ఆ కెమెరా ఇక నీది."

"మగవాడి బదులు నేను దిగితే?"

"వాళ్ళు గుర్తుపట్టేది కోడ్ మాటతోనే. అది అతను చెప్పేశాడు. మొహం తెలీదు."

నాలుగున్నరకి ఫోర్టీన్ ఆ ఇంటి ముందుగదిలో లైట్లు బిగిస్తోంది. పరదాలన్నీ దించేసింది. మైకులో హోరు రాకూడదని ఫ్యాను ఆపింది.

"గాలి లేదు, వెలుతురు లేదు. ఇది ఇంటర్వ్యూనా, ఆవిరి పట్టడమా?" అంది ఇంజనీరు భార్య.

యాంకర్ లోపలికొచ్చింది. ఆమె నవ్వితే గదిలో ఇంకో లైటు వేసినట్టుంది. ఆ నవ్వుతోనే మెల్లగా అడిగింది. "లెన్సు మీద దుమ్ముందా?"

"తుడిచేసరికి మబ్బు పట్టింది."

కోడ్ కలిసింది. యాంకర్ కళ్ళు మాత్రం ఫోర్టీన్ చేతుల్ని వదల్లేదు. కెమెరా పట్టే చేతులేనా అని చూస్తున్నాయి.

ఫోర్టీన్ ఉంగరంలోని రాయి విషం తగిలితే నల్లబడుతుంది. మంచినీళ్ళ గ్లాసుకి తాకించింది. మొహానికి రాసే పౌడరుకి తాకించింది. కాలరు మైకుకి తాకించింది. రాయి తెల్లగానే ఉంది.

"ఆయన మొహం మీద క్లోజప్ చాలు. నా మైకు ఆపెయ్. నా ప్రశ్నలు చివర్లో విడిగా తీద్దాం," అంది యాంకర్.

ఒక్క కెమెరా ఉన్నప్పుడు అందరూ చేసేదే. ఇంజనీరు వచ్చి కుర్చీలో కూర్చోగానే ఆమె అన్న మాట దగ్గరే ఫోర్టీన్ చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"సార్, క్లుప్తంగా చెప్పండి. అవును, కాదు, అంతే చాలు."

అడిగేవాళ్ళ గొంతు కత్తిరించినా అర్థం కావాలంటే ప్రశ్నని కలుపుకుని జవాబు చెప్పించాలి. ట్రైనింగులో మొదటి రోజు పాఠమది. పేరున్న యాంకర్ దారం ఎక్కించకుండా కుట్టుపనికి కూర్చుందేమిటి?

"మీ పాత నోట్సు పుస్తకాలు కాలేజీ పిల్లలకి మీరే ఇచ్చేశారటగా?"

"అవును, నేనే ఇచ్చాను."

"ఎవరైనా బలవంతపెట్టారా?"

"లేదు. ఇష్టపడే ఇచ్చాను."

"ఇప్పుడేమైనా బాధగా ఉందా?"

"ఎందుకూ? మళ్ళీ అడిగినా ఇస్తాను."

ఫోర్టీన్ హెడ్‌ఫోన్లలో జవాబులే వినబడుతున్నాయి. 'పుస్తకాలు' అన్న మాట రికార్డింగులో ఎక్కడా లేదు. అప్పుడర్థమైంది. వాళ్ళు చంపబోయేది మనిషిని కాదు, ఆయన పేరుని. ఈ జవాబుల ముందు ఏ ప్రశ్న అతికించినా అతుక్కుంటుంది.

ఇప్పుడే పట్టుకుంటే? పుస్తకాల గురించి అడగడం నేరమా అంటుంది. అసలు ప్రశ్నలు ఆమె నోటినుంచే రావాలి.

మైకు విప్పే నెపంతో ఫోర్టీన్ ఇంజనీరు చేతిలో ఒక చిన్న ఇయర్‌పీస్ పెట్టింది. "లోపల కూర్చుని ఇందులో ఆవిడ అడిగేవి వినండి సార్. జవాబు చెప్పాలనిపిస్తే బయటికొచ్చి, ప్రశ్న కలిపి చెప్పండి."

"హమ్మయ్య. ముక్కలుముక్కలుగా చెప్పడం నాకూ నచ్చలేదమ్మా," అని గొణిగి ఆయన భార్యతో లోపలికెళ్ళాడు.

బయట మోటార్‌సైకిల్ హారన్ మోగింది. మెమరీ కార్డు పట్టుకెళ్ళే మనిషి వచ్చేశాడు.

"త్వరగా. నా మొహం మాత్రమే," అంది యాంకర్ తన మైకు పెట్టుకుంటూ.

"అలాగే మేడమ్." ఫోర్టీన్ లెన్సుని వెనక్కి లాగింది. ఫ్రేములోకి యాంకర్‌తో పాటు ఖాళీ కుర్చీ కూడా వచ్చింది.

యాంకర్ కుర్చీవైపు బాధగా వంగింది. "శత్రుదేశానికి సైఫర్ నమూనాలు మీరే ఇచ్చేశారటగా?"

జవాబుకి సరిపడా ఆగింది. తలాడించింది. "ఎవరైనా బలవంతపెట్టారా?"

"శత్రుదేశానికి నమూనాలిచ్చింది నేను కాదు!"

గుమ్మంలో ఇంజనీరు. మొహంలో నెత్తురుచుక్క లేదు. "పిల్లలకి పుస్తకాలిచ్చానన్న మాటని దేశద్రోహం చెయ్యడానికి, నా ఇంట్లో నా కుర్చీని అడుగుతున్నది మీరు!"

యాంకర్ ఒక చేతిలోకి పిస్తోలు వచ్చింది. రెండో చేత్తో కెమెరాలోంచి కార్డు లాక్కుంది. "ఎవరూ కదలొద్దు."

ఫోర్టీన్ నేల మీదున్న లైట్ల స్విచ్‌బోర్డుని కాలితో తన్నింది. గది చీకటైపోయింది. కేబుళ్ళు పరిచింది తనే కాబట్టి ఎక్కడ అడుగు వెయ్యాలో ఆమెకి తెలుసు, యాంకర్‌కి తెలీదు. దబ్బున పడ్డ చప్పుడు. పిస్తోలు ఎటో జారిపోయింది. అయినా యాంకర్ పాకుతూ వీధి తలుపు తెరిచేసింది. బయటి మనిషి చెయ్యి చాపాడు. కార్డు అతని వేళ్ళకి తగిలేలోగా ఫోర్టీన్ ఆమె మణికట్టు విరిచి పట్టుకుంది. చీఫ్ మనుషులు గోడ దూకి ఆ మోటార్‌సైకిల్‌వాణ్ణి కింద పడేశారు.

ఆరింటికి టీవీలో ఏదో పాత కార్యక్రమం వేశారు.

ఇంజనీరు అదే కుర్చీలో కూర్చుని నుదురు తుడుచుకుంటున్నాడు. "అమ్మాయ్, ఆ చివరి జవాబులో నా గొంతు వణికినట్టుంది. ఇంకోసారి తీద్దామా?"

"అడిగేవాళ్ళు జైలుకెళ్ళారు సార్."

భార్య ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చుంది. "నేనున్నాగా, నేనడుగుతాను. ముప్ఫై ఏళ్ళ ప్రశ్నలు పేరుకుపోయి ఉన్నాయి."