పదిహేడో టెస్ట్ కేసు

ఆదివారం పొద్దున్నే యజ్ఞనారాయణ మెట్లెక్కి తమ్ముడి వాటాలోకి వచ్చాడంటే ఏదో పని పడిందన్నమాటే. భిలాయిలో ఆ ఇల్లూ, హథ్‌ఖోజ్‌ పారిశ్రామికవాడలో క్రేన్లు తయారుచేసే షెడ్డూ ఆయనవే. తమ్ముడు కనకరత్నం కుటుంబం పన్నెండేళ్లుగా అద్దె లేకుండా మేడ మీద ఉంటోంది. తమ్ముడి కూతురు కుముదినికి క్రేన్లని నడిపే కంప్యూటర్ ప్రోగ్రాంని పరీక్షించే ఉద్యోగమూ ఆ షెడ్డులోనే. కదలడానికి చోటేదీ!

"టెస్టింగు కాగితాలు తెచ్చాను. పాస్ అని సంతకం పెట్టమ్మా, రేపు క్రేన్ పంపాల," అన్నాడు.

"పదిహేడో కేసు ఫెయిలయింది పెదనాన్నా. బరువు పది టన్నులు దాటితే ప్రోగ్రాం క్రేన్ని ఆపాలి. అది రావాల్సిన ఫలితం. కరెంటు పోయి వస్తే ఆ హద్దే మర్చిపోతోంది. పన్నెండు టన్నులూ ఎత్తేస్తోంది."

"నలభైలో ముప్ఫై తొమ్మిది పాసయ్యాయి కదే! ఒక్క బగ్గుకి ఇంత రాద్ధాంతమేటి?"

"ఎన్ని అని కాదు, ఎంత తీవ్రమో చూడాలి. అక్షరం తప్పయితే నేనే ఒగ్గేద్దును. దీని కింద మనుషులుంటారు."

"కరెంటు పోయినప్పుడే కదా!"

"హథ్‌ఖోజ్‌లో అది వెళ్లే ఫ్యాక్టరీకి రోజుకి నాలుగుసార్లు పోతాది."

యజ్ఞనారాయణ ముఖం మాడిపోయింది. "నా ఇంట్లో ఉండి నాకే అడ్డొస్తారేటి? సంతకం పెట్టకపోతే మేడ ఖాళీ చెయ్యండి!"

వంటింట్లోంచి గౌరీదేవి పరుగున వచ్చి కూతురి చేతిలో పెన్ను పెట్టింది. "పెట్టీ తల్లీ. ఎక్కడికెళ్తాం? ఆ చేత్తో మీ నాన్నకి పనెవడిస్తాడు?"

కుముదిని అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది పాపం. కళ్లనీళ్లతోనే పెన్ను కాగితానికి ఆనించింది.

"ఆగమ్మా."

అన్న ముందు ఏనాడూ నోరెత్తని కనకరత్నం వచ్చి కుడిచెయ్యి కాగితం మీద పెట్టాడు. ఆ చేతికి రెండు వేళ్లు లేవు. తన అజాగ్రత్తవల్లే పోయాయని అందరికీ చెప్పేవాడు.

"పన్నెండేళ్ల కిందట ఆ రోజు కొక్కేనికి పగులుంది అన్నయ్యా. షెడ్డులో ఇనస్పెక్టర్ని కదా, పనికిరాదని సుద్దతో ఇంటూ మార్కు కొట్టాను. ఆర్డరు పోతాది, చెరిపీరా అన్నావు. చెరిపేశాను. నావి వేళ్లే పోయాయి. కింద ఇంకొకడుంటే?"

గౌరీదేవి నిలబడ్డచోటే కూలబడింది. పన్నెండేళ్లుగా ఈ మేడ బావగారి దయ అనుకుని దణ్ణాలు పెట్టుకుంది ఆ పిచ్చితల్లి.

యజ్ఞనారాయణ తమ్ముడి చేతివంక చాలాసేపు చూశాడు. ఇన్నేళ్లలో ఆయన ఆ చేతిని సరిగ్గా చూసిందే లేదు.

"నేనే చెరిపించాన్రా," అన్నాడు. కుముదిని వైపు తిరిగాడు. "బాగుచెయ్యడానికి ఎన్నాళ్లమ్మా?"

"నాలుగు రోజులు. తర్వాత పాసయినవన్నీ మళ్లీ టెస్ట్ చెయ్యాలి పెదనాన్నా."

"చెయ్యి. క్రేన్ రేపు కదలదు."

కుముదిని కళ్లు తుడుచుకుని 'ఫెయిల్' అని రాసి సంతకం పెట్టింది. దాని కింద కనకరత్నం మూడు వేళ్లతో పెన్ను పట్టుకుని, వంకరటింకరగా, తనదీ పెట్టాడు.