దానంతట అదే పెరిగిన మఫ్లరు

ఈ సృష్టిలో పెరగడానికి ఎవరి అనుమతీ అడగనివి చాలా ఉన్నాయి. గోళ్లు పెరుగుతాయి, ధరలు పెరుగుతాయి, అద్దెకున్నవాళ్ల సామాను పెరుగుతుంది. మఫ్లరు మాత్రం ఆ కోవలోకి రాదు. ఒక మనిషి కూర్చుని, రెండు సూదులు పట్టుకుని, మెడ వంచితే తప్ప అది వెంట్రుకవాసి కూడా ముందుకు జరగదు. ప్రకృతి నియమాలన్నింటిలోనూ ఇంతకన్నా నమ్మదగినది లేదని పండితులు ఇంకా ప్రకటించలేదంటే, వారి దృష్టి ఇటువైపు మళ్లకపోవడమే కారణం.

అటువంటి నియమం ఒకానొక ఇంట్లో భంగపడిందన్న వార్త, ఒక మధ్యాహ్నం వేళ, నిదానంగారి ఆఫీసు మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చింది.

నిదానంగారు ప్రైవేటు డిటెక్టివు. ఆయన అసలు పేరు బయట బోర్డు మీద ఉంది గాని, ఆయన మాటా నడకా చూసినవాళ్లు ఆ బోర్డు చదవాల్సిన అవసరం లేదనుకునేవారు. ఆయనకు సహాయకుడు ఒక గుమాస్తా. బీమా ఆఫీసులో జీవితంలో ముప్పాతిక భాగం గడిపి, మిగిలిన పాతికను ఆశ్చర్యపోవడానికి అంకితం చేసిన మనిషి. నిదానంగారు గ్రహించినది తాను గ్రహించలేకపోవడంలో అతనికొక అపూర్వమైన ఆనందం ఉండేది.

వచ్చినావిడ తల నెరిసిన మనిషి. చీర కుచ్చిళ్లు పొందిగ్గా ఉన్నాయి. చేతులు మాత్రం సంచీ పిడిని నలిపేస్తున్నాయి.

"కూర్చోండమ్మా," అన్నారు నిదానంగారు.

"కూర్చుంటే మళ్లీ లేవగలనో లేదోనండీ. కాళ్లు వణుకుతున్నాయి."

"అయితే తప్పకుండా కూర్చోవాలి."

ఆవిడ కూర్చుని, గుమాస్తా ఇచ్చిన మంచినీళ్లు తాగి, ఒక పాఠం మొదలుపెట్టినంత క్రమంగా చెప్పుకొచ్చింది. రిటైరైన టీచరు. విదేశంలో చాలాకాలం లెక్కలు చెప్పింది. ఇప్పుడు చెల్లెలింట్లో, చెల్లెలూ మరిదీ తోడుగా ఉంటోంది. పొద్దున్న బల్ల మీద ముక్కలు పేర్చే బొమ్మ పజిలు, మధ్యాహ్నం అల్లిక, సాయంత్రం చెల్లెలితో కలిసి పార్కులో నడక. ఇంతకుమించి ఆవిడ దేవుణ్ణి ఏమీ కోరలేదు. పాత విద్యార్థులు గుర్తొస్తే మాత్రం అల్లుతూ అల్లుతూ నవ్వుకుంటుంది. కిటికీలన్నీ బార్లా తెరిచి పాఠం చెప్పే ఆ గది, లెక్కలైపోయాక చివరి పీరియడులో అందరికీ ఊలు పంచడం, ఒక పొడుగాటి కుర్రాడు కాలు దూర్చే చోటు లేకుండా మేజోడు అల్లి తెచ్చి, "టీచర్, ఇది పూర్తయింది," అని గర్వంగా నిలబడడం.

"ఆ పిల్లలందరూ ఇప్పుడు పెద్దవాళ్లైపోయారు. మళ్లీ ఒకచోట చేరుతున్నారట. నన్ను రమ్మన్నారు. టికెట్టు కూడా పంపారు. మా హెడ్మాస్టరుగారికి ఇద్దామని మఫ్లరు మొదలుపెట్టాను." ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "అది పెరుగుతోందండీ."

"అల్లితే పెరగదా మరి?" అన్నాడు గుమాస్తా.

"నేను అల్లకుండానే పెరుగుతోంది. నడకకు వెళ్లేముందు ఎక్కడ ఆపానో నాకు బాగా తెలుసు. తిరిగి వచ్చేసరికి నాలుగు వేళ్లంత పొడుగు ఎక్కువుంటోంది."

గుమాస్తాకు తన వృత్తిలో మొదటిసారి కొంచెం నవ్వొచ్చింది. "దొంగలు ఎత్తుకుపోతారు గాని, అల్లిపెట్టి పోతారా అమ్మా?"

"అదేనండీ నా భయం! దొంగైతే బాగుండును." ఆవిడ సంచీలోంచి బూడిదరంగు మఫ్లరు తీసి బల్ల మీద పరిచింది. "అల్లిక నేర్చుకునేటప్పుడే నాకు ఊలు తప్పు వైపునుంచి చుట్టడం అలవాటైపోయింది. అందుకని నా ప్రతి కుట్టూ మెలిక పడుతుంది. ఇంకెవరి అల్లికలోనూ మీకిది కనబడదు. కొత్తగా పెరిగిన ఈ వరసలు చూడండి. వీటిలోనూ అదే మెలిక. అంటే అల్లింది నేనే. అల్లేసి మర్చిపోతున్నాను." కళ్లు తుడుచుకుంది. "మతి తప్పినదాన్ని ఒంటరిగా విమానం ఎలా ఎక్కిస్తామని మరిదిగారు అంటున్నారు. రేపు పొద్దున్న టికెట్టు రద్దు చేసేస్తానని ఒప్పుకున్నాను. అంతలోపల ఎవరో ఇంట్లోకి వస్తున్నారనైనా తేల్చండి, ఎవరూ రావడం లేదనైనా తేల్చండి. ఏదో ఒకటి తెలియకపోతే నేను బతకలేను."

నిదానంగారు భూతద్దం తీసి మఫ్లరు మీద చాలాసేపు వంగారు. తర్వాత దాన్ని గుమాస్తాకు అందించారు. "ఏం కనిపిస్తోంది?"

"మెలికలేనండి. పాతవీ మెలికలే, కొత్తవీ మెలికలే."

"ఎటు?"

గుమాస్తా మళ్లీ చూశాడు. "పాతవి కుడివైపుకు వాలాయి. కొత్తవి ఎడమవైపుకు. అయితే ఏమిటండి, మెలిక మెలికే కదా?"

"కావచ్చు," అన్నారు నిదానంగారు. ఆయన 'కావచ్చు' అన్నప్పుడల్లా అది కాదని అర్థం. ఆ సంగతి తెలిసి కూడా ప్రతిసారీ మోసపోవడం గుమాస్తా ప్రత్యేకత. "అమ్మా, బల్ల మీది పజిలు సంగతేమిటి? అది కూడా మీరు లేనప్పుడు పెరుగుతోందా?"

"లేదండీ. దాని జోలికి ఎవరూ పోరు."

"విచిత్రం. మతిమరుపుకు ఊలంటేనే అంత ఇష్టమా?"

ఆ సాయంత్రమే ఇద్దరూ ఆ ఇంటికి వెళ్లారు. ముందుగదిలో గోడ పక్కన సోఫా, దానికి సరిగ్గా ఎదురుగా చేతుల కుర్చీ, మధ్యలో చిన్న స్టూలు. సోఫాలో ఊలు బుట్ట ఉంది. కుర్చీలో స్టేషను మాస్టరుగారున్నారు. టీచరమ్మ మరిది. రిటైరై కొంతకాలమైనా, ఆయన మీసం ఇంకా డ్యూటీలోనే ఉంది. చేతిలో పేపరు గోడలా నిలబెట్టుకుని, ఆ గోడ మీదుగా ఇద్దరినీ పరికించారు.

"డిటెక్టివులా? వదినగారికి కావలసింది డాక్టరండీ! నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను."

"ఊరుకోండి, అక్క వింటోంది," అంది ఆయన భార్య లోపలినుంచి వస్తూ. తర్వాత నిదానంగారితో చెప్పింది: "నన్నూ అడిగేయండి. సూదంటేనే నాకు భయం. ఆయన చొక్కా బొత్తాం ఊడినా ఆయనే కుట్టుకుంటారు. మధ్యాహ్నాలు నేను వంటింట్లోనో, లోపల టీవీ ముందో ఉంటాను. అక్క ఒక్కతే ఇక్కడ కూర్చుని అల్లుకుంటుంది."

"ఒక్కతేనా?"

"అంటే, ఈయన ఎదురుగా పేపరు చదువుతూ ఉంటారు లెండి. ఈయన్ని మనిషి కింద లెక్కేయడం ఎప్పుడో మానేశాను."

"ఇంకా కబుర్లేనా?" స్టేషను మాస్టరు గద్దించారు. "వెలుతురుండగా నడకకు బయల్దేరండి. ఇంకో చుట్టు ఎక్కువ తిరిగొచ్చినా నష్టం లేదు, ఒంటికి మంచిది."

"మీరూ రావచ్చుగా?" అంది భార్య.

"మోకాలు," అన్నారాయన క్లుప్తంగా.

అక్కచెల్లెళ్లు వెళ్లిపోయారు. పైవాటాలో అద్దెకుండే నర్సు, డిటెక్టివులొచ్చారని విని తనంతట తానే దిగి వచ్చింది.

"ఈ ఇంటి తాళంచెవి ఒకటి నా దగ్గరుంది. అల్లిక కూడా వచ్చు, టీచరమ్మే నేర్పారు. ఇంక సంకెళ్లు వేసేయండి, నైట్ డ్యూటీ తప్పుతుంది," అంటూ సోఫాలో చతికిలబడింది.

"ఎక్కడ కూర్చుని నేర్చుకున్నావమ్మా?"

"ఇక్కడే. ఆవిడ పక్కన, భుజానికి భుజం ఆనించి. కుట్టు తప్పితే మోచేత్తో పొడిచేవారు." చేతిసంచీలోంచి చిన్న ఊలు పర్సు తీసి చూపించింది. భూతద్దం కింద దాని ప్రతి కుట్టూ మెలిక తిరిగి, కుడివైపుకు వాలి ఉంది.

గుమాస్తా గబగబా దగ్గరికి జరిగాడు. నిదానంగారి చెవిలో, వీధి చివరికి కూడా వినిపించేంత రహస్యంగా, "అదే మెలికండీ! తాళంచెవి కూడా ఉంది!" అన్నాడు.

"ఓరి దేవుడా," అంది నర్సు. "మేనల్లుళ్లకు టోపీలు అల్లడానికే తీరిక లేక చస్తుంటే, ఊళ్లోవాళ్ల మఫ్లర్లు కూడానా!"

నిదానంగారు పజిలు బల్ల దగ్గరికి వెళ్లి అటూ ఇటూ చూశారు. తర్వాత అదే గదిలో ఒక స్టూలు మీద కూర్చుని, అక్కచెల్లెళ్లు తిరిగివచ్చేదాకా కదల్లేదు. స్టేషను మాస్టరు పేపరు కూడా కదల్లేదు. గమనించదగ్గ విషయమేమిటంటే, ఆయన పేజీ కూడా తిప్పలేదు.

నడకనుంచి వచ్చిన టీచరమ్మ చెప్పులు విడిచి, మామూలుగా పజిలు పక్కనుంచి నడిచి, ఠక్కున ఆగింది.

"ఆకాశంలో ముక్క ఒకటి ఎవరు తీశారు? చిన్న మబ్బు మూల ఉండాలి."

నిదానంగారు జేబులోంచి నీలిరంగు ముక్క తీసి బల్ల మీద పెట్టారు. "క్షమించాలి. మీ మతి ఎలా ఉందో కనుక్కున్నాను. దివ్యంగా ఉంది. అందరూ కూర్చోండి."

అందరూ కూర్చున్నారు. స్టేషను మాస్టరు తన కుర్చీలోకే పోబోతుంటే, నిదానంగారు మృదువుగా అడ్డుపడ్డారు. "అది మా గుమాస్తాకు కావాలి. అమ్మా, మీరు మీ చోట కూర్చుని అల్లండి. ఏమయ్యా, ఎదురుగా కూర్చుని, ఆవిడ చేతులు చూసి, అచ్చం అలాగే అల్లు. ఏమీ అడగొద్దు."

గుమాస్తా నాలిక కొరుక్కుంటూ, చెమటలు కక్కుతూ, సూదుల్ని యుద్ధరంగంలో బల్లేలు ప్రయోగించినట్టు ప్రయోగించాడు. నర్సు నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. చాలాసేపటికి, ఊలు అని ఒప్పుకోదగ్గ ఒక చిన్న పీలిక తయారైంది. నిదానంగారు దాన్ని భూతద్దం కింద పెట్టి, టీచరమ్మను చూడమన్నారు.

ఆవిడ చూసింది. తల పైకెత్తలేదు.

"ఎడమవైపుకు వాలాయి," అంది మెల్లగా.

"అవును. అద్దంలో మనిషిని చూసి పాపిట తీసుకున్నవాడి పాపిట రెండో వైపుకు పోయినట్టే. మీ పొరపాటు ఇంకెవరికీ రాదన్నారు, దాదాపు నిజమే. అది మీ దగ్గర నేర్చుకున్నవాళ్లకే వస్తుంది. పక్కన కూర్చుని నేర్చుకుంటే మీలాగే కుడివైపుకు వస్తుంది. అందుకే ఈ నర్సమ్మ నిర్దోషి. ఎదురుగా కూర్చుని, చూపు మీదనే నేర్చుకుంటే తిరగబడుతుంది. మఫ్లరులో పెరిగిన భాగమంతా తిరగబడింది. కాబట్టి అది మీరు అల్లి మర్చిపోయింది కాదు. రోజూ మీకు ఎదురుగా కూర్చునేవారు, నడకకు రానివారు, మిమ్మల్ని నడకకు తరిమేవారు, సూదంటే భయపడనివారు ఈ ఇంట్లో ఒక్కరే. ఇవాళ మఫ్లరు పెరగలేదు. ఎందుకంటే ఇవాళ నేను ఈ గదిలోనే కూర్చున్నాను."

స్టేషను మాస్టరుగారి మీసం మొదటిసారి డ్యూటీ దిగింది.

"ఏమండీ!" అంది భార్య. "మీరా? అల్లికా?"

"చేతులు ఊరుకోలేదే," అన్నారాయన నేల చూస్తూ. "ఉద్యోగమున్నన్నాళ్లూ ఈ చేతుల్లో జెండా ఉండేది, లాంతరుండేది. ఇప్పుడు పేపరుంది. ఎంతసేపు చదవను? వదినగారి వేళ్లు ఆడుతుంటే చూడబుద్ధేసింది. ఒకరోజు మీరు బయటికెళ్లాక ఒక్క వరస వేశాను. హాయిగా అనిపించింది. తర్వాత ఆగలేకపోయాను."

"కొట్టుకెళ్లి సూదులు కొనుక్కోవచ్చుగా?" అంది నర్సు.

"ఈ మీసంతోనా?"

టీచరమ్మ లేచి నిలబడింది. వణుకు పోయింది. ఆ స్థానంలో వచ్చినది చూసి, ఏ నేరమూ చేయని గుమాస్తా కూడా కుర్చీలో నిటారుగా సర్దుకున్నాడు.

"వరస వేసినందుకు నాకు కోపం లేదు మరిదిగారూ. నాకు మతి పోతోందన్నారు. మీ నోటితోనే అన్నారు. నా వేళ్లను నేనే నమ్మలేక, పొద్దున్నే లేచి నా పిల్లల పేర్లు ఒక్కొక్కటీ తలుచుకుంటున్నాను, ఉన్నాయో పోయాయో అని. అదంతా మీరు పేపరు పైనుంచి చూస్తూనే ఉన్నారు."

"ప్రతి సాయంత్రం చెప్పేద్దామనే అనుకున్నాను వదినగారూ. పేపరు దించడమే చేతకాలేదు." ఆయన మీసం దువ్వుకోబోయి మానేశారు. "టికెట్టు రద్దు చేయకండి. స్టేషనుకు, విమానాశ్రయానికి, ఎక్కడికైనా నేనే దిగబెడతాను."

"మోకాలో?" అంది భార్య.

"మోకాలు బాగానే ఉంది."

టీచరమ్మ చాలాసేపు ఆయన్ని చూసింది. క్లాసులో తప్పు ఒప్పుకున్న పిల్లవాణ్ణి నిలబెట్టాలా, కూర్చోబెట్టాలా అని ఆలోచిస్తున్న చూపు అది. చివరకు సోఫాలో ఊలు బుట్ట పక్కకు జరిపింది.

"ఇలా వచ్చి నా పక్కన కూర్చోండి. ఎదురుగా కాదు. మఫ్లరు సగం అటూ సగం ఇటూ వాలితే మా హెడ్మాస్టరుగారు నన్నే అడుగుతారు. ఆ ఎడమ వరసలు మొదలైన చోటుదాకా విప్పి, మీరే మళ్లీ అల్లండి. నేను బయల్దేరే లోపల అయిపోవాలి."

స్టేషను మాస్టరుగారు లేచి, గదికి అడ్డంగా నడిచి, వదినగారి పక్కన కూర్చున్నారు. పేపరు కుర్చీలోనే ఉండిపోయింది.

గుమాస్తాకు కళ్లు చెమర్చాయి. ఒక వృద్ధ గురువు, కడలి దాటి వచ్చిన ఒక మఫ్లరు, దాన్ని మెడకు చుట్టుకోగానే కరిగే మంచు! ఈ మహత్తర దృశ్యాన్ని మనసులో ఆవిష్కరించుకుంటూ, గుమ్మం దాటబోయేముందు వెనక్కి తిరిగాడు.

"మీ హెడ్మాస్టరుగారు అదృష్టవంతులమ్మా. అక్కడి చలికి ఇది ఎంత వెచ్చగా ఉంటుందో!"

"చలేమిటండీ?" అంది టీచరమ్మ, సూదుల మీదనుంచి చూపు తిప్పకుండా. "అక్కడ ఏడాది పొడుగునా ఉక్కపోతే. ఆయన చొక్కా వేసుకోవడమే గగనం."