ఆదివారం తువ్వాళ్ళు

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇంద్రసేనయ్యను ఎవరూ "లెయ్యండి" అనలేదు. పోస్టుమాస్టరు కుర్చీలో కూర్చున్న మనిషిని లేపే ధైర్యం బాపట్లలో ఎవరికుంటుంది? రిటైరై, కూతురి దగ్గర ఉందామని ఆదోని వచ్చిన రెండో నెలలోనే ఆ ముచ్చట కూడా తీరిపోయింది.

"సార్, లెయ్యండి. ఇది ఆడోళ్ళ సీటు."

ఎమ్మిగనూరు వెళ్ళే బస్సు అది. తలెత్తి చూశాడు. తెల్లచీర, కళ్ళజోడు, చేతిలో గొడుగు, భుజాన సంచి. సంచిలోంచి పలకలు తొంగి చూస్తున్నాయి. వయసు యాభై దాటి ఉంటుంది.

"బస్సంతా ఖాళీగానే ఉంది కదండీ," అన్నాడు మర్యాదగానే.

"ఖాళీగుంటే మీరే యాడన్నా కూచోవచ్చు గద సార్. నేనెందుకు వెతుక్కోవాల?"

ఇంద్రసేనయ్య లేచి వెనక సీట్లో కూర్చున్నాడు. కండక్టరు తిమ్మన్న టిక్కెట్టు చింపుతూ ఆయన చెవి దగ్గరికి వంగాడు.

"అమృతవల్లి టీచరమ్మ సార్. మా అక్కచెల్లెండ్లకంతా ఆయమ్మే చదువు చెప్పింది. ఆయమ్మ లెయ్ అంటే మా డ్రైవరు గూడ లేస్తాడు."

ఆ రోజు ఇంద్రసేనయ్య ఎమ్మిగనూరు వెళ్ళింది బాల్ బాడ్మింటన్ ఆటకి అంపైరుగా. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుంటే మనిషి తుప్పు పడతాడని ఆయన భయం. అందుకని పొద్దున్నే కొండ దాకా నడక, పదింటికి రీడింగు రూము అరుగు మీద హమాలీలకు పేపరు పైకి చదవడం, సాయంత్రం మిల్లు కుర్రాళ్ళ ఆటలో ఈల, గురువారం భజనలో కంజీర. "నాన్న ఉద్యోగంలో ఉన్నప్పుడే ఇంట్లో ఎక్కువసేపు ఉండేవారు," అని కూతురు శేషారత్నం భర్తతో అంటూ ఉండేది. తల్లి పోయినప్పటి నుంచీ తండ్రికి కబుర్లు చెప్పే మనిషి లేడని ఆ అమ్మాయికి తెలుసు. అందుకే ఏమీ అడ్డు చెప్పేది కాదు.

తర్వాతి ఆదివారం ఎమ్మిగనూర్లో ఆట ఏమీ లేదు. అయినా ఇంద్రసేనయ్య బస్సెక్కాడు. వెనక సీట్లోనే కూర్చున్నాడు లెండి.

"ఈరోజు గూడ ఆట ఉందా సార్?" అని అమృతవల్లి వెనక్కి తిరిగి అడిగింది.

"లేదండి. తువ్వాలు కొందామని. ఎమ్మిగనూరు తువ్వాళ్ళు మంచివంటారు కదా."

తువ్వాలు కొనడం ఎంతసేపు? కొన్నాడు. కొని, నేతగాళ్ళ వీధిలో అటూ ఇటూ తిరుగుతూ ఒక పంచ ముందు ఆగాడు. కండెలు చుట్టే ఆడవాళ్ళు పలకలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అమృతవల్లి గోడకు ఆనించిన నల్లబల్ల మీద రాస్తోంది. ముప్ఫై ఏళ్ళు ఆదోని బాలికల బడిలో చదువు చెప్పి రిటైరైన మనిషి, ఆదివారం పూట ఊరుకోలేక ఇక్కడికి వచ్చి ఈ బడి నడుపుతోంది.

"ఊరికే నిలబడితే ఎట్ల సార్? ఆ వరసకు గుణింతాలు చెప్పించండి."

కాదనలేకపోయాడు. కాదనాలని కూడా అనిపించలేదు. పంచ యజమానురాలు ఉరుకుందమ్మ 'కౌ' దగ్గర ప్రతిసారీ నాలిక తడబడి నవ్వుతుంటే, ఆయనా నవ్వాడు. తిరుగుదారిలో వాన పట్టుకుంది. ఉన్న ఒక్క గొడుగునీ ఆయన పూర్తిగా ఆమె వైపే వంచి పట్టుకున్నాడు. బస్టాండు చేరేసరికి ఆయన కుడి భుజం మొత్తం తడిసింది.

"మీ తువ్వాలు ఉపయోగానికి వచ్చె," అంది అమృతవల్లి, ఎటో చూస్తూ. ఆమె పెదవి చివర నవ్వు ఆయనకి కనిపించింది.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం తువ్వాలు. చిన్న అంచుది, పెద్ద అంచుది, గళ్ళది. దారిలో ఒకరి సంగతులు ఒకరికి తెలిశాయి. ఆమెది బళ్ళారి, ఇంట్లో మాట కన్నడం. చిన్నప్పుడే పెళ్ళి చేశారు. ముఖం గుర్తు పెట్టుకునే లోపే ఆ భర్త పోయాడు. ఇంట్లో వాళ్ళ మాట కాదని ట్రెయినింగు చదువుకుంది. ఇంద్రసేనయ్య తన భార్య సంగతి చెప్పాడు, ఆమె పోయాక అన్నం ముందు కూర్చుంటే ఎటు చూడాలో తెలిసేది కాదని చెప్పాడు. ఆ మాట ఆయన అంతకు ముందు ఎవరికీ చెప్పలేదు.

ఇంట్లో శేషారత్నం తువ్వాళ్ళు మడతపెడుతూ, "బీరువాలో బట్టలకు చోటు లేదు నాన్నా," అంది ఒకనాడు. ఇంకేమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే ఆయనకి గుబులు పుట్టించింది. మనవళ్ళను ఎత్తుకోవాల్సిన వయసులో ఈ ఆలోచనలున్నాయని తెలిస్తే కూతురు మొహం ఎలా పెడుతుందో?

కార్తీకం వచ్చినా వానలు వదల్లేదు. అలాంటి ఒక ఆదివారం బస్సులో అమృతవల్లి పలకల సంచి ఒళ్ళో పెట్టుకుని, వెనక సీటు వైపు తిరిగింది.

"మా తమ్ముడు బళ్ళారికి వచ్చేయమంటాండాడు సార్. మన ఆదోని బళ్ళారి జిల్లా నుంచి విడిపోయి కర్నూలు జిల్లాలో కలిసి మూడేండ్లాయ, నువ్వింకా ఆ జిల్లాలో ఒంటిగా ఏం చేస్తాండావు అంటాడు."

ఇంద్రసేనయ్య ముందుకు వంగాడు. "మీరేమన్నారు?"

"ఇంగా ఏం చెప్పలే. ఈడ నన్ను నిలబెట్టే మాట ఒకటుంటే గద, రానని చెప్పేకి."

అని ఆయన ముఖంలోకే చూసింది. చెప్పాల్సిన మాట ఆయన నాలిక చివరే ఉంది. కానీ ముప్ఫై ఏళ్ళ పోస్టుమాస్టరు, అందరి వార్తలూ అందరికీ చేర్చినవాడు, తన మాట దగ్గరకు వచ్చేసరికి బెదిరిపోయాడు.

"అవునవును. అన్నట్టు ఇవాళ రెండు తువ్వాళ్ళు కొనాలండి. పోయినసారి కొన్నది మా అల్లుడు వాడుకుంటున్నాడు. దాని అంచు కాస్త రంగు దిగుతోంది. అందుకని ఈసారి ఎర్ర అంచు కాకుండా..."

"సాకు," అంది అమృతవల్లి. కిటికీ వైపు తిరిగిపోయింది.

సాకు. ఇంద్రసేనయ్యకు చెవులు వేడెక్కాయి. దొరికిపోయాడు. తువ్వాళ్ళ పేరు చెప్పి ఒక గౌరవమైన మనిషి వెంట ఊళ్ళు తిరుగుతున్నాడని ఆమె ఎన్నడో కనిపెట్టింది. ఇవాళ మొహం మీదే అనేసింది. అదీ అబద్ధమైతే కోపమైనా తెచ్చుకోవచ్చు. నిజమాయె.

ఆ రోజు తువ్వాలు కొనలేదు, గుణింతాలూ చెప్పించలేదు. తలనొప్పిగా ఉందని ఎదురుగా వచ్చిన బస్సులో వెనక్కి వచ్చేశాడు. తర్వాతి ఆదివారం అసలు వెళ్ళనే లేదు. రీడింగు రూములో పేపరు చదువుతూ ఒకే వార్త రెండుసార్లు చదివితే, హమాలీలు పెద్దమనిషిని ఏమనలేక రెండుసార్లూ విన్నారు.

ఆ పై ఆదివారం పొద్దున మిల్లు కుర్రాళ్ళు ఆటలో గెలిచి, అంపైరు గారిని వదలకుండా హోటలుకి లాక్కుపోయారు. జట్టు నాయకుడు హనుమన్న ఇడ్లీ తుంచుతూ అన్నాడు.

"టీచరమ్మ బళ్ళారికి పోతాందంట గద సార్. మా యమ్మ చెప్పె. ఎమ్మిగనూర్ల ఈరోజే కడాపటి బడి అంట. మీకు చెప్పలేదా?"

ఇంద్రసేనయ్య ముందున్న ఇడ్లీ అలాగే ఉండిపోయింది. పోతోంది. తను చెప్పాల్సిన మాట చెప్పకముందే పోతోంది. ఇక ఆదోనిలో ఎన్ని పనులు పెట్టుకున్నా ఆ పనుల గురించి చెప్పుకోవడానికి మనిషి ఉండదు.

పక్క బల్ల దగ్గర సర్వరు దుర్గప్ప ఎవరికో సాంబారు పోస్తున్నాడు. తింటున్నది బళ్ళారి నుంచి పత్తి బేరానికి వచ్చిన పెద్దమనిషి. ఆయన గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టి, "సాకు, సాకప్పా," అన్నాడు. దుర్గప్ప గరిట ఆపేశాడు.

ఇంద్రసేనయ్య కళ్ళు పెద్దవయ్యాయి. "దుర్గప్పా, ఆయన ఇప్పుడేమన్నాడు?"

"సాకు అన్నె సామీ."

"సాకేమిటయ్యా? సాంబారుకు సాకేమిటి?"

"చాలు అని సామీ. కన్నడం మాట. ఈడ మేమందరం అంటాము గద."

చాలు. ఇంద్రసేనయ్య లేచి నిలబడ్డాడు. చాలు అంటే ఏం చాలు? తువ్వాళ్ళు చాలా, మాటలు చాలా, లేక నువ్వే చాలించమనా? అదేదో ఆమెనే అడగాలి. చెయ్యి కడుక్కోకుండానే బస్టాండు వైపు పరుగులాంటి నడక మొదలుపెట్టాడు. వెనక హనుమన్న "సార్, ఇడ్లీ" అంటూనే ఉన్నాడు.

తొందరలో ఉన్న రోజే బస్సులకు కష్టాలు వస్తాయి. ఎమ్మిగనూరు ఇంకా కొంచెం దూరం ఉందనగా చక్రాలు రేగడి బురదలో దిగబడ్డాయి. తిమ్మన్న అందర్నీ దింపి తొయ్యమన్నాడు. ఇంద్రసేనయ్య కాసేపు తోసి, అది కదిలేది కాదని తెలిసి, పంచె పైకి కట్టి నడిచాడు. ఉరుకుందమ్మ పంచ చేరేసరికి మోకాళ్ళ దాకా నల్లబురద.

ఉరుకుందమ్మే ముందు చూసింది. "ఏంది సార్ ఈ అవతారం? చేనికి పోయొస్తాండారా?"

అమృతవల్లి నల్లబల్ల నుంచి తిరగలేదు. "చెప్పకుండా నాగా పెట్టినోళ్ళకు మా బళ్ళో చోటు లేదు."

"ఒక్క మాట అడిగి పోతానండి. ఆ రోజు బస్సులో మీరు సాకు అన్నారు. చాలు అన్నమాట అది. ఇవాళే తెలిసింది. నేను మా తెలుగు సాకు అనుకున్నాను."

ఆమె చేతిలో సుద్దముక్క ఆగింది. రెండు భాషలూ తెలిసిన మనిషి కదా, ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. మెల్లగా తిరిగి చూసింది.

"అయ్యో సార్. అందుకా మీరు రాలేదు?"

"అది నిజం కాబట్టి రాలేదు. తువ్వాళ్ళు నాకెందుకండి? మీ కోసమే వచ్చేవాణ్ణి. కనిపెట్టేశారని సిగ్గేసింది."

"అది రెండో తువ్వాలుకే కనిపెట్టినా."

ఆడవాళ్ళు పలకలు మొహాలకి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఇంద్రసేనయ్య వెనక్కి తగ్గలేదు. "మరి ఏం చాలన్నారు?"

"తువ్వాళ్ళే చాలంటి. తమ్ముడు బళ్ళారికి రమ్మంటాండాడని చెప్పితే అంచు రంగు దిగతాందని చెప్తిరి. ఇంగ ఎన్ని కొంటారు? ఏమీ కొనకుండా ఊరికే రండి అని చెప్దామనుకుంటి, మీరు బస్సు దిగి పోతిరి."

"బళ్ళారి వెళ్ళకండి."

"ఏమిటికి?" అంది టీచరు గొంతుతోనే.

"మీరంటే నాకు ఇష్టం. మిగిలిన రోజులు మీతో గడపాలని ఉంది. మీకూ ఇష్టమైతే పెళ్ళి చేసుకుందాం."

ఉరుకుందమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమృతవల్లి కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడిచింది, మళ్ళీ తుడిచింది.

"నా చిన్నప్పటి పెళ్ళికి నన్నెవరూ అడగలేదు సార్," అంది చివరికి. "అడిగించుకునేకి ఇన్నేండ్లు పట్టింది. నాకు ఇష్టమే. మా తమ్మునికి నేను చెప్పుకుంటా. కానీ మీరు కూతురింట్లో ఉండారు. ఆ పిల్ల మనసు నొప్పిస్తే మాత్రం నేను రాను."

"అయితే ఇప్పుడే పోయి అడుగుదాం. మీరూ రండి."

సాయంత్రం ఆదోనిలో తలుపు తీసిన శేషారత్నానికి ఎండిన బురదతో తండ్రి, ఆయన వెనక తెల్లచీరలో అమృతవల్లి కనిపించారు. ఇంద్రసేనయ్య లోపలికి వచ్చి కూర్చోకుండానే మొత్తం చెప్పేశాడు. చెప్తున్నంతసేపూ కూతురి కళ్ళలోకి చూడలేకపోయాడు.

"తువ్వాళ్ళు మడతపెట్టేది నేనే కదా నాన్నా," అంది శేషారత్నం. ఆ గొంతులో ఏముందో ఆయనకి తెలియలేదు. ఆమె గిరుక్కున తిరిగి లోపలికి వెళ్ళిపోయింది. బీరువా తలుపు చప్పుడైంది. ఎంతకీ బయటికి రాలేదు.

అమృతవల్లి చెప్పుల కోసం చూసుకుంది. "ఆ పిల్లకు కష్టమైనట్టుంది. తల్లి గుర్తుకొచ్చింటాది. నేను పోతా సార్."

అప్పుడు శేషారత్నం బయటికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిలో వెండి కుంకుమ భరిణె. అది వాళ్ళమ్మది. ఇంద్రసేనయ్య దాన్ని చూసి అక్కడే గోడకు ఆనుకున్నాడు.

ఎవరింటికి వెళ్ళినా భరిణె బయటికి రాగానే అమృతవల్లి పక్కకు తప్పుకోవడం చిన్నప్పటి అలవాటు. ఇప్పుడూ కాళ్ళు వాటంతట అవే గుమ్మం వైపు జరిగాయి.

"నాకు కాదమ్మా," అంది మెల్లగా. "మీకు తెలీదేమో, నేను..."

"తెలుసు," అంది శేషారత్నం. ఎదురుగా వచ్చి నిలబడి, భరిణె మూత తీసి, వేలికి కుంకుమ అద్దుకుంది. మునివేళ్ళ మీద లేచి చూసి, మళ్ళీ పాదాలు దించింది.

"కాస్త వంగండి పిన్నీ. నాకు అందడం లేదు."