చెప్పుల వరస

హిరోబె నగిస పరుగుపరుగున డిటెక్టివ్ ఆఫీసుకి వచ్చింది. కురోహమ నగర పర్యాటక శాఖలో రథోత్సవం బాధ్యతంతా ఆమెదే. అక్కడి సహాయకుడు వకుయి ఇచ్చిన బార్లీ టీ చేత్తో పట్టుకుందే గాని గుక్కెడైనా తాగలేదు.

"రథచక్రాల కింద వేసే అడ్డుచెక్కలు రెండూ పోయాయండీ. రేపు పొద్దున్నే ఉత్సవం. ముప్పైవేల మంది వస్తున్నారు. అవి లేకుండా రథాన్ని వాలులో దించడానికి వీల్లేదు. కొత్తవి చెయ్యాలంటే వారం పడుతుందట."

"ఎవరిమీదైనా అనుమానమా?" అడిగింది డిటెక్టివ్ కుజుహర మినె. యాభై ఏళ్ల మనిషి, మాట తక్కువ. పోస్టుమాన్ ఉద్యోగం మానేసి మరీ ఆమె దగ్గర చేరిన వకుయికి ఆ తక్కువ మాటలంటేనే గురి.

"వడ్రంగి తొరిగొయె. ఉత్సవాన్ని సంత చేశానని మొన్న అందరిముందూ నన్ను దులిపేశాడు. మధ్యాహ్నం రెండింటిలోగా దొరక్కపోతే పోలీసులకి అతని పేరే చెప్తాను."

ముగ్గురూ రథశాలకి వెళ్లారు. దాని తాళంచెవి చూరు కింద మేకుకి వేలాడుతుందని ఊరందరికీ తెలుసు. కాబట్టి దాన్ని పట్టుకుని లాభం లేదు. గుమ్మం దగ్గర, సందర్శకుల కోసం కొత్తగా కొన్న, లోపల తొడుక్కునే చెప్పులు గీత గీసినట్టు జతలు జతలుగా ఉన్నాయి.

"పొద్దున నేనొచ్చినప్పుడూ ఇలాగే ఉన్నాయండీ," అంది హిరోబె. "ఇంత చక్కగా ఉంటే దొంగతనమని ఎలా అనుకుంటాను?"

తొరిగొయె చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నిన్న పని అవ్వగానే పన్నెండుమందిమీ బీరు కోసం పరిగెత్తాం. ఈ చెప్పులు ఎక్కడ విదిలించామో మాకే తెలీదు. తాళం వేసింది నేనే. మా తాత చెక్కిన చెక్కల్ని నేనే ఎత్తుకుపోయానంటారా?"

"మీవాళ్లెవరైనా వెనక్కొచ్చి సర్దారా?" అడిగింది మినె.

"మావాళ్లా? పెళ్లాం తిట్టినా సర్దరు."

రథశాల ఎదురుగా, వాలు మొదట్లో సునద తొమియె సత్రం ఉంది. డెబ్బై దాటిన ఆ పెద్దావిడ టీ, ముల్లంగి ఊరగాయ పెట్టి, తానేమీ చూడలేదంది. "ఉత్సవం జరుగుతుందా మరి?" అని మాత్రం రెండుసార్లు అడిగింది. కిటికీలోంచి వాలంతా కనిపిస్తోంది. చక్రాల కుర్చీలకీ సూట్‌కేసులకీ సుఖంగా ఉండాలని పాత గరుకు రాళ్లు పీకేసి, ఈ వసంతంలోనే నున్నటివి పరిచారు. రేపు అతిథులొచ్చే వేళకి నీళ్లు చల్లడానికి గడపగడపకీ కర్ర బకెట్లు అప్పుడే సిద్ధమయ్యాయి.

వెళ్లేటప్పుడు చూస్తే, వకుయి గబగబా విడిచిన అరిగిన బూట్లు వీధివైపు తిరిగి, పక్కపక్కన ఒద్దికగా ఉన్నాయి. అతను మురిసిపోయాడు. మినె ఆ బూట్లకేసి చాలాసేపు చూసింది.

మధ్యాహ్నం రెండింటికి ఆమె అందరినీ వాలు పైన సమావేశపరిచింది. హిరోబె చేతిలో ఫోన్ సిద్ధంగా ఉంది.

"నిన్న తాళం వేసేటప్పుడు చెప్పులు చిందరవందరగా ఉన్నాయి. పొద్దునకి వరసలో ఉన్నాయి. మధ్యలో వచ్చింది దొంగ ఒక్కరే," అంది మినె. "భయంతో పారిపోతూ కూడా పన్నెండు జతలు సర్దకుండా ఉండలేని చెయ్యి ఎవరిది, తొమియెగారూ?"

పెద్దావిడ బుకాయించలేదు. "చెయ్యి ఊరుకోదమ్మా. సత్రంలో యాభై ఏళ్ల అలవాటు. చెక్కలు పరుపుల గదిలో ఉన్నాయి." వాలుకేసి చెయ్యి చూపించింది. "మా ఆయన ఈ వాలులోనే చక్రం కింద పోయాడు. ఆ ఏడు వాన. అప్పుడు గరుకు రాళ్లే. ఈ రాళ్లు వేసిన రోజే ఆఫీసుకెళ్లి జారతాయని చెప్పాను. నవ్వుతూ రాసుకుని పంపేశారు. నాకు భయమేసింది, అంతే."

"జారవండీ. పరీక్ష చేయించాం," అంది హిరోబె.

"పొడిగా ఉన్నప్పుడా?" అడిగింది మినె.

హిరోబె కొత్త రాళ్లకేసి చూసింది.

మినె సైగ చేయగానే తొరిగొయె ఓ బకెట్ ఎత్తి నీళ్లు వాలులోకి గుమ్మరించాడు. "రేపు ప్రతి ఇంటివాళ్లూ చేసేది ఇదే. ఒకసారి దిగండి," అంది మినె.

హిరోబె మూడో అడుగుకే జారింది. వకుయి రెక్క పట్టుకుని ఆపాడు గాని, ఊడిన ఆమె బూటు నీళ్లతోపాటు జారుతూ జారుతూ పోయి, ఎక్కడో కింద దీపస్తంభానికి తగిలి ఆగింది. అందరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. రేపు అక్కడ పిల్లాపాపలతో జనం నిలబడతారు.

"ఈ రాళ్లు నేనే ఎంచానండీ," అంది హిరోబె సన్నగా. తడిలోనే కూలబడి ఫోన్ చేసింది. "రథం వాలు దిగదు. పైనే ఉంటుంది. అవును, పోస్టర్లన్నీ వేసేశాం, తెలుసు. అయినా దిగదు."

తొరిగొయె గోడ పట్టుకుని దిగి, బూటు తెచ్చి ఆమె ముందు పడేశాడు. తొమియె వంగి దాన్ని ఏప్రన్‌తో తుడిచి, ఆమె కాలికి వీలుగా తిప్పి పెట్టింది.